సైకిలు గంట

కోలారు జిల్లాలో రేవు ఎక్కడుందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఉండేదని చెప్పవలసి వస్తుంది. బంగారపేటలో దిగి మారికుప్పం దాకా వచ్చినా చదువరులకు సైనైడు దిబ్బలు కనపడతాయి గాని ఓడలు కనపడవు. మేము చెప్పబోయేది కంప్యూటరు వెనక ఉండే పోర్టు సంగతి. ప్రింటరు తగిలించుకోవడానికని ఇరవై అయిదు బెజ్జాల వెడల్పాటి సాకెట్టు ఒకటి ఆ రోజుల్లో ప్రతి పెట్టెకూ ఉండేది. ఈనాటి కంప్యూటర్లలో అది వెతికినా దొరకడం కష్టం.

మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో అరవం. నాలుగోదిగా మాకు పట్టుబడింది అసెంబ్లీ భాష. అసెంబ్లీ అన్నాం గదా అని బెంగుళూరు విధానసౌధ తలచుకోకండి. కంప్యూటరుకు ఒక్కొక్క అడుగూ విడివిడిగా చెప్పే భాష అది. అక్కడివాళ్ళకంటే తక్కువ మాటలతో పని జరుగుతుంది.

మా నాయన గనిలో వైండింగు ఇంజను దగ్గర ఎలక్ట్రీషియను. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి కరెంటు తెచ్చుకున్న గనులు అవి. చాంపియన్ రీఫులో లోతు మూడు కిలోమీటర్లు దాటింది. ఆ లోతుకు మనుషుల్ని దించి పైకెత్తే బోను గంట చెప్పందే కదలదు. ఎన్ని గంటలకు ఏమి అర్థమో దానికొక లెక్క. ఆ లెక్క నాయనకు నిద్రలో కూడా తప్పదు. 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూసేశారు. ఆ తరువాత కొన్నాళ్ళు ఆయన షిఫ్టు వేళకు లేచి, స్నానం చేసి, వాకిట్లో కూర్చునేవాడు.

ఒకనాడు బెంగుళూరు వెళ్ళి, దాచుకున్న డబ్బుతో ఒక పాత 486 కంప్యూటరు కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. "మీరింక గనిలోకి దిగే పని లేదు. దీంట్లోకన్నా దిగండ్రా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు భయం వేసింది.

ఆ పోర్టులో రెండో పిన్ను మొదలు తొమ్మిదో పిన్ను దాకా ఎనిమిదీ మనం చెప్పినట్టు వింటాయి. ఒకటి అంటే సుమారు 5 వోల్టులు, సున్నా అంటే లేదు. వాటి చిరునామా, పదహారేసి లెక్కలో, 378. డాస్‌లో డీబగ్ అనే సాధనం ఊరికే వచ్చేది. అందులో డీఎక్స్ అనే అరలో 378 పెట్టి, ఏఎల్ అనే అరలో 01 పెట్టి, "అవుట్ డీఎక్స్, ఏఎల్" అని రాస్తే చాలు. రెండో పిన్నుకు 470 ఓముల రెసిస్టరు, దాని చివర చిన్న ఎర్ర ఎల్ఈడీ, అక్కణ్ణించి ఇరవై అయిదో పిన్నుకు. వెలిగింది! అమ్మ వచ్చి చూసి, "ఇంత పెట్టెకు ఇంతేనా దీపం?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెలిగించి ఆర్పమంటే ఆర్పినట్టే కనపడలేదు. మన కన్ను పట్టుకోలేనంత వేగంగా వెలిగి ఆరుతోందని తెలియడానికి ఒక పూట పట్టింది. మధ్యలో ఊరికే అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోమని చెప్పాం. 65535 దాకా లెక్కపెట్టమన్నా చాలలేదు. ఆ లెక్కనే మళ్ళీ మళ్ళీ చేయించవలసి వచ్చింది.

దీపంతో ఆగితే ఈ కథ లేదు. నాయన పాత సైకిలు గంట గిన్నె ఒకటి, పాత సామాను కొట్లో దొరికిన 12 వోల్టుల కాయిలు ఒకటి, మధ్యన ఎస్ఎల్100 ట్రాన్సిస్టరు. కాయిలు ఇనుప కడ్డీని లాగితే అది గిన్నెను కొట్టాలి. కొట్టింది కూడా. పదిసార్లో ఇరవైసార్లో కొట్టి ఆగిపోయింది. ట్రాన్సిస్టరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఎల్ఈడీ తగిలించి చూస్తే రెండో పిన్ను ఉలకదు, పలకదు. పెట్టె మొత్తం పోయిందనే అనుకున్నాం. నాయన డబ్బు! స్విచ్చి కట్టేసి, సాయంత్రమైనా దీపం వేసుకోకుండా కూర్చున్నాం.

నాయన వచ్చి కంప్యూటరు వైపు చూడనే లేదు. కాయిలు చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికి అడ్డంగా ఏం పెట్టినార్రా?"

"ఏమీ పెట్టలేదు నాయనా."

"కరెంటు ఇచ్చేటప్పుడు కాయిలు మంచిదేరా. తీసేటప్పుడే తంతుంది."

గనిలో పెద్ద కాయిళ్ళు ఆపినప్పుడు కాంటాక్టుల దగ్గర లేచే మెరుపు ఆయన ఏళ్ళ తరబడి చూసినవాడు. కరెంటు ఒక్కసారిగా ఆగితే కాయిలు ఊరుకోదు. ఎదురు వోల్టేజి పుట్టించి ట్రాన్సిస్టరును చీల్చుకుని పోతుంది. కాయిలుకు అడ్డంగా 1ఎన్4007 డయోడు తిరగేసి పెడితే ఆ దెబ్బ అందులోనే తిరిగి చల్లారుతుంది. చవకలో దొరికే వస్తువు. మా దగ్గరున్న పుస్తకంలోని బొమ్మలో అది ఉంది కూడాను. అలంకారం కాబోలునని మేమే వదిలేశాం.

తెల్లవారి చూస్తే పోయింది రెండో పిన్ను ఒక్కటే. మిగిలిన ఏడూ బతికే ఉన్నాయి. తీగ మూడో పిన్నుకు మార్చి, 01 ఉన్న చోట 02 రాశాం. ఆ పెట్టె ఉన్నన్నాళ్ళూ మా లెక్కలు రెండుతోనే మొదలయ్యాయి.

గంట మోగింది. నాయన మెచ్చుకుంటాడనుకుంటే, "మోగిందని దానికెట్ల తెలుసు?" అన్నాడు. కొట్టమని చెప్పడం వేరు, కొట్టిందని తెలియడం వేరు. బోనులో మనుషులుండగా ఆ రెండూ ఒకటే అనుకునేవాడికి గనిలో పని ఇవ్వరట. అందుకని గిన్నె పక్కన, కడ్డీ తగిలితే ఒకదాన్నొకటి తాకే రెండు రేకు ముక్కలు అమర్చి, వాటి తీగలు పదకొండో పిన్నుకూ ఇరవై అయిదో పిన్నుకూ కలిపాం. దాన్ని చదివే చిరునామా 379, మాట "ఇన్". రేకులు తాకితే సున్నా రావాలి గదా? ఒకటి వచ్చింది. తాకకపోతే సున్నా. రెండు రాత్రులు తీగలు పీకి కలిపాం. చివరకు తెలిసిందేమంటే, ఆ ఒక్క పిన్నును లోపలే తిరగేసి పెట్టారు. ప్రింటరు "ఖాళీ లేదు" అని చెప్పుకునే పిన్ను అది.

అది సరిచేసిన రాత్రి కరెంటు పోకుండా ఉంది. మూడు గంటలు కొట్టమని, వచ్చిన జవాబులు లెక్కించి తెర మీద చూపమని రాసి నడిపించాం. నాయన వాకిట్లోనే ఉన్నాడు, లోపలికి రాలేదు. గంటలు ఆగగానే అక్కణ్ణించే "మూడు" అన్నాడు.

తెర మీదా మూడే ఉంది.