అవును, మా నాయన జైల్లోనే ఉండేవాడు



పోయిన వారం మన గ్రూపులో వార్షికోత్సవ సన్మానాల జాబితా పెట్టారు. టీచర్లు, డాక్టర్లు, మిలిటరీలో చేసినవాళ్లు ఉన్నారు. "ఇంకెవరైనా మిగిలారా?" అని అడిగారు. ఒక పేరు టైపు చేసి, చెరిపేశాను. అది మా నాయన పేరు.

నాయన జైలు వార్డరు. మాది గుడియాత్తం, ఆయన డ్యూటీ వేలూరు తొరపాడిలో. దూరం సుమారు 35 కిలోమీటర్లు. బడిలో 'తండ్రి ఉద్యోగం' అన్నచోట నేను 'ప్రభుత్వ ఉద్యోగి' అని రాసి ఊరుకునేవాణ్ణి. ఎలా తెలిసిందో ఏమో, "మీ నాయన జైల్లో ఉన్నాడంట కదరా!" అని పిల్లోళ్లు నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి ఏడిస్తే నాయన కూడా నవ్వి, "అబద్ధం కాదు కదరా" అన్నాడు.

వార్డరు పనంటే ముందు లెక్క. తెల్లారి గదులు తెరిచేటప్పుడు ఒక లెక్క, సాయంత్రం లాకప్ చేసేటప్పుడు ఒక లెక్క. ఒక్క తల తక్కువొచ్చినా మళ్లీ మొదట్నించి. లెక్క సరిపోతేనే ఇంటి దారి. ఎండాకాలం మేము మిద్దె మీద వరసగా పడుకుంటే, నాయన వేలు చూపిస్తా మమ్మల్ని కూడా లెక్కపెట్టేవాడు. ఉండేది నలుగురమే!

"అంతమంది మధ్యలో ఒక్క లాఠీతో తిరుగుతావే, భయం లేదా?" అని ఒకసారి అడిగాను. "గొంతు పెంచకుండా మాట్లాడితే సగం గొడవ అక్కడే ఆగిపోతాది" అన్నాడు. ఇంకో రోజు డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. అమ్మ ఎంత అడిగినా చెప్పలేదు. ఒక ఖైదీకి తల్లి పోయిందని కబురు తనే చెప్పాల్సి వచ్చిందని ఏడాది తర్వాత చెప్పాడు.

వైకాశి మొదటి రోజు మన గంగమ్మ సిరసుకు అందరి నాయనలూ పిల్లల్ని భుజాల మీద ఎత్తుకునేవాళ్లు. నన్ను మామ ఎత్తుకునేవాడు. కొత్తగా పెళ్లయిన వార్డర్లకు ఆ సెలవు వదిలేసి, నాయన డ్యూటీకి పోయేవాడు.

2016 నాటి మాదిరి జైలు మాన్యువల్ ప్రకారం ఆరుగురు ఖైదీలకు ఒక కాపలాదారు ఉండాలి. వినడానికి బాగానే ఉంది. కానీ మూడు షిఫ్టులకు పంచి చూడండి. ఒక వేళలో పద్దెనిమిది మందికి ఒకరు. సెలవులు, ఆస్పత్రి కాపలా తీసేస్తే ఇంకా తక్కువ. అది కూడా పోస్టులన్నీ నిండితే.

రాజాజీ 1921-22లో వేలూరు జైల్లో ఉండి డైరీ రాశారు. కామరాజ్ 1940లో అదే జైలుకు పోయారు, 1954లో మన గుడియాత్తం ఓటర్లే ఆయన్ని అసెంబ్లీకి పంపారు. లోపల ఉన్న పెద్దల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. రాత్రంతా ఆ గదుల ముందు మేలుకుని తిరిగినవాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఊరి సంగతి అటుంచండి, కన్నకొడుకును, నేనే ఆయన పేరు చెరిపేశాను.

నిన్న నాయనతో ఈ సంగతి చెప్పాను. రిటైరై చాలా ఏళ్లయినా ఇప్పటికీ వీధి తలుపు తాళం రెండుసార్లు లాగి చూసి గానీ పడుకోడు. "నాకెందుకురా శాలువా?" అన్నాడు. కాసేపాగి, "ఫంక్షను పొద్దున పెట్టొద్దని చెప్పు. సాయంత్రం లాకప్ అయినాక పెడితే పగటి డ్యూటీ పిల్లోళ్లు కూడా వస్తారు" అన్నాడు.

కాబట్టి నా మనవి రెండే. వార్డర్లుగా చేసిన మన వాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే కింద పేరు రాయండి, ఉద్యోగం దాచకుండా. ఫంక్షను సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి.

మొదటి పేరు నేనే రాస్తున్నాను.