నీళ్లు దూరే చోటు

గోడ మీద చెమ్మ కనిపిస్తే చాలు, మనం ముందు పెయింటర్‌నే పిలుస్తాం కదా! మా బాచుపల్లి ఫ్లాట్‌లో అత్తయ్యగారి గది కిటికీ పక్కన అదే జరిగింది. పుట్టీ పెట్టారు, కిటికీకి సిలికాన్ పెట్టారు. మళ్లీ వాన, మళ్లీ బూజు, ఆవిడకి మళ్లీ దగ్గు.

అత్తయ్యగారిది కోనసీమ. వాళ్ల నాన్నగారికి గోదావరి మీద పడవ ఉండేది. "కారే చోట కాదమ్మాయ్, దూరే చోట వెతకాలి. నీరు చెక్క వెంబడి పాకి ఎక్కడో తేలుతుంది" అన్నారు.

ఎండ కాసిన రోజు చూసి, ఏసీ మెయిన్ ఆపేసి, బాల్కనీ వైపు నుంచి మగ్గుతో నీళ్లు పోశాను. కింద నుంచి పైకి, ఒక్కో చోట 10 నిమిషాలు. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. లోపల ఆవిడ పొడిగుడ్డతో కాపలా. కిటికీ గట్టు దగ్గర ఏమీ లేదు, ఫ్రేము దగ్గరా లేదు. ఏసీ పైపు కన్నం దగ్గరకి రాగానే "వచ్చిందే!" అని కేక.

ఆ కన్నం లోపలికి వాలుగా ఉంది. పైపు మీద జారిన వాన సరాసరి గోడలోకే! బాగా ఆరనిచ్చి, బయటివైపు కన్నం మూయించి, పైపుని కన్నం కంటే కిందికి ఒక వంపు తిప్పించాం. ఇప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతున్నాయి.

మీరూ రంగు వేయించే ముందు ఒక్క మగ్గు నీళ్లతో చూడండి. తడిసిన చోటుకి పైనా పక్కనా ఉన్న కన్నాలన్నీ వెతకండి.