ఎర్తు

"మీరు ముస్లింలా? తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!"

ఈ మాట మేము ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాం. మెచ్చుకుంటూనే అంటారు. అయినా మాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. హిందూపురంలో పుట్టి, ఆ ఊరి బళ్ళోనే అక్షరాలు దిద్ది, బీఏ చదివి, ఇరవై ఏళ్ళుగా తెలుగు పత్రికలకు వార్తలు రాసి బతుకుతున్న మేము తెలుగు కాక ఇంకేం మాట్లాడాలి? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అంగట్లో కాస్త కన్నడం. సరిహద్దు ఊళ్ళో అందరి బతుకూ ఇంతే. కానీ ఆశ్చర్యపోయేది మమ్మల్ని చూసే.

మొన్న రంజాన్‌కు మా ఆపా కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. ఇంజనీరు. తనకూ ఒక ఇంటర్వ్యూలో ఇదే మాట ఎదురైందట. అడిగినాయన తెలుగాయనే. "నీ పేరు చూసి తెలుగు రాదనుకున్నానమ్మా" అన్నాడట. "నేనేం చెప్పుండాల్సింది మామూ?" అని అడిగింది. వెంటనే జవాబు దొరకలేదు మాకు.

ఆ పిల్ల పని గురించి చెప్పాలంటే ముందు మా అబ్బా గురించి చెప్పాలి. అబ్బాకు హిందూపురంలో మైక్ సెట్టు అంగడి ఉండేది. ఒక యాంప్లిఫయరు, నాలుగు హారన్లు, రెండు మైకులు. పెనుకొండ బాబయ్య ఉరుసుకు మా సెట్టే. శ్రీరామనవమి పందిట్లోనూ మా సెట్టే. ఖవ్వాలీ అయినా హరికథ అయినా అబ్బాకు ఒకటే బాధ, హారన్లో 'గుయ్'మనే రొద. అది పోవడానికి పందిరి పక్కన గుంట తవ్వి, ఇనుప కడ్డీ దించి, ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోసేవాడు. దానికి తీగ కట్టేవాడు. "ఎర్తు సరిగా లేకుంటే ఎంత పెద్ద పాటగాడైనా గుయ్యిమంటాడు" అనేవాడు. ఆ నీళ్ళు మోసింది మేమే.

1992 డిసెంబరు తర్వాత ఒక ఉత్సవ కమిటీ మా సెట్టు వద్దంది. కారణం చెప్పలేదు. అబ్బా అడగలేదు. ఆ నవమి రాత్రి వేరేవాళ్ళ హారన్లలో గుయ్యిమని రొద వస్తుంటే అబ్బా మంచం మీద లేచి కూర్చుని, "ఎర్తు వెయ్యలేదు వాళ్ళు" అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా. మూడేళ్ళకు ఆ కమిటీవాళ్ళే మళ్ళీ వచ్చారు. అబ్బా వెళ్ళాడు. కానీ ముందులాగా పందిట్లో కూర్చుని కథ వినలేదు. సెట్టు పెట్టి బయట నిలబడేవాడు.

ఆ అంగడి మూసేశాక, మూల పడేసిన యాంప్లిఫయర్లు విప్పి చూస్తూ పెరిగింది మా ఆపా కూతురు. ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కోర్టుల్లో ఊగి ఊగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఆ సందులోంచే ఈ పిల్ల ఇంజనీరింగు చదివింది. "మనోళ్ళు మెకానిక్కులే కదా" అనే ఊళ్ళో ఒక మెకానిక్కు మనవరాలు ఎలక్ట్రానిక్స్ పట్టా తెచ్చుకుంది. బెంగళూరులో మొదట బోర్డులు పరీక్షించే పని. కొన్నేళ్ళకు బోర్డులు గీసే పని. ఇప్పుడు డిజిటల్ పాటను మళ్ళీ శబ్దంగా మార్చే కన్వర్టర్లు డిజైన్ చేస్తోంది.

బీఏ చదివిన మాకు ఇది అర్థం కాలేదు. రంజాన్ తర్వాత ధర్మవరంలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, మగ్గం మీద జకార్డు అట్టలు చూపించి చెప్పింది. "చూడు మామూ, అట్టలో చిల్లి ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. చీర మీద నెమలి పడుతుంది. చిల్లులే అంకెలు, నెమలే పాట. మగ్గమే నా కన్వర్టరు."

1982లో సీడీ వచ్చినప్పుడు సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకె వేశారు. ఒక్కో కొలతకు 65,536 మెట్లు. దాన్నే 16 బిట్లు అంటారు. ఇప్పుడు 24 బిట్లు, అంటే 1,67,77,216 మెట్లు. రెండు వోల్టుల్ని అన్ని మెట్లు చేస్తే ఒక్కో మెట్టు వోల్టులో దాదాపు కోటో వంతు. అంత సన్నని మెట్టు దగ్గర, తీగలోని వేడి కూడా రొదే అవుతుంది. అందుకే 24 బిట్లూ పూర్తిగా ఎవరికీ దక్కవు. ప్రతి అంకె సరైన క్షణంలో పడాలి, గడియారం వణికితే పాట చెడుతుంది. వచ్చే కరెంటు శుభ్రంగా ఉండాలి. "అన్నిటికంటే కష్టం ఏదో తెలుసా మామూ? ఎర్తు. నానా చేసిన పనే నేనూ చేస్తున్నా. ఉప్పు నీళ్ళు లేవంతే."

ఇంజనీరింగులో ఉన్నప్పుడు పాఠ్యపుస్తకంలో మూడు పేర్లు చూసిందట. అహ్మద్, నటరాజన్, రావు. నాసిర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టాడు. అక్కడి విశ్వేశ్వరయ్య కాలేజీలో 1961లో ఇంజనీరింగు ముగించి అమెరికా వెళ్ళాడు. 1966లో డాక్టరేట్, కొన్నాళ్ళు హనీవెల్ కంపెనీలో ఉద్యోగం, 1968 నుంచి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు. అంకెల గుట్టను కుదించే ఒక లెక్క తట్టి, 1972లో అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థను నిధులడిగాడు. మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు రాశాడు. డబ్బు ఇవ్వలేదు. ఆయన మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహన్ రావుతో కలిసి 1974 జనవరిలో అచ్చు వేశాడు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. సెల్‌ఫోన్లో ఫోటోలు ఇమిడేది దాని వల్లే. దాన్ని కాస్త మార్చిన రూపమే ఎంపీ3 పాటల్ని కుదిస్తుంది. కుదించిన ఆ అంకెల్ని విప్పి మా పిల్ల చేసే కన్వర్టరు గొంతు చేస్తుంది. సుప్రభాతమైనా నాతే షరీఫ్ అయినా ఫోన్లోకి ఆ లెక్క మీదుగానే వస్తాయి. అది ఎవరి లెక్కని ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరమూ లేదు. అవసరం లేనిచోట అడగనివాళ్ళు మమ్మల్ని ఇంటర్వ్యూలో ఎందుకడుగుతారన్నదే మా ప్రశ్న.

"మంచి కన్వర్టరుకు గుర్తేంటి?" అని అడిగాం.

"తన గొంతు వినిపించకూడదు. ఇచ్చింది ఇచ్చినట్టు పలకాలి."

"మమ్మల్ని అడిగేదీ అదేనమ్మా" అన్నాం. "ఉర్దూ వాసన రాకుండా తెలుగు పలికితే మెచ్చుకుంటారు. మనం కూడా ఏళ్ళ తరబడి ఆ వాసన తుడుచుకున్నాం. వార్తల్లో ఒక్క ఉర్దూ మాట పడితే కొట్టేసుకున్నాం."

నవ్వింది. "అది యంత్రం మామూ. దానికి ఊరు లేదు. మనకుంది."

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. కిటికీలోంచి కొండ కనిపించింది. ఆ ఊళ్ళో అబ్బా తవ్విన గుంటలు ఎన్నో పూడిపోయుంటాయి. హిందూపురంలో దిగాక పాత అంగడి వెనక్కి వెళ్ళి చూశాం. అక్కడ తవ్విన ఎర్తు కడ్డీ తుప్పు పట్టి ఇంకా ఉంది. మా పిల్ల వంగి దాన్ని లాగి చూసింది. కదల్లేదు.

"ఈసారి అడిగితే ఏమంటావే?" అన్నాం.

"మా ఊరు హిందూపురం సార్, ఇంకెట్ల మాట్లాడాలప్పా అంటా."

ఆ జవాబు మాకు నలభై ఏళ్ళలో తట్టలేదు.