నారి దించారా, వదినగారూ?

వదినగారూ, ఒక్క మాట. మీ హాల్లో మేకుకి వేలాడుతున్న వెదురు విల్లు మీ మనవడిదేగా? కిటికీ తెరిచి ఉంటే కనిపించింది లెండి, నేనేం తొంగిచూడలేదు. ప్రాక్టీసు నుంచి వచ్చి నారి దించకుండానే తగిలించేశాడు. కాసేపట్లో మళ్ళీ వెళ్తాడంటే సరే. రేపటిదాకా అలాగే ఉంచుతాడంటే మాత్రం ఇప్పుడే పిలిచి దించమనండి.

అలా వంపు తిరిగి ఉంటేనే అందం అంటారా? గోడకి అలంకారమే అయితే నాకేం అభ్యంతరం లేదు. కానీ పిల్లాడు దాంతో ఇండియన్ రౌండ్ అనే విలువిద్య పోటీలో ఆడాలి. అందులో 50 మీటర్ల నుంచి, 30 మీటర్ల నుంచి వెయ్యాలి. అంత దూరం బాణం వెళ్ళేది చెక్కలో దాచుకున్న బలంతోనే. ఆ బలం రాత్రంతా గోడ మీద ఖర్చయిపోతే ఎలా?

మొన్న మీ అటక మీద పలక చూపించారు కదా, ఊరగాయ జాడీల బరువుకి మధ్యలో కుంగిపోయిందని. పెట్టిన రోజున కుంగిందా? లేదు. జాడీలు దించాక మళ్ళీ తిన్నగా అయిందా? అదీ లేదు. విల్లు కథా అంతే. బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఎంతసేపన్నది కూడా చెక్క లెక్కేసుకుంటుంది. అమెరికాలో మాడిసన్ ఊళ్ళో ఉన్న అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల వాళ్ళు ఇది ఎప్పుడో తేల్చారు. కొద్ది నిమిషాలపాటు మోసే బరువులో సుమారు 60 శాతమే చెక్క పదేళ్ళపాటు మోయగలదట.

విల్లులో ముందు దెబ్బతినేది లోపలి వైపు, అంటే వేసేవాడి ముఖం వైపు. వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. సాగడాన్ని చెక్క బాగానే ఓర్చుకుంటుంది, నలగడాన్ని అంతగా ఓర్చుకోలేదు. లోపలి పోగులు కొద్దికొద్దిగా నొక్కుకుపోతాయి. అప్పుడు నారి తీసేసినా విల్లు నారి వైపే వంగి ఉంటుంది. కాస్త వంపైతే కొన్ని గంటలు విశ్రాంతి ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. పోగులు నలిగి వచ్చిన వంపు మాత్రం ఇక పోదు. ఎక్కుపెట్టి ఉంచినందుకే విల్లు ఠప్పున విరిగిపోతుందని భయపడకండి, అలా జరగడం అరుదు. మెత్తబడిపోతుంది, అంతే. లాగితే తేలిగ్గా వస్తుంది, పిల్లాడు నాకు బలం పెరిగిందని మురిసిపోతాడు, బాణం మాత్రం గురికి కిందే పడుతుంది.

ఏమన్నారు? మన బెజవాడ జ్యోతి సురేఖ విల్లు ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంటుందా? ఉంటుంది, నిజమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయి మూడు స్వర్ణాలు తెచ్చింది కాంపౌండ్ విల్లుతో. దానికి చక్రాలుంటాయి, రెక్కలు ఫైబర్‌వి, ఎప్పుడూ బిగువుగా ఉండేలాగే తయారుచేస్తారు. పూర్వం తుర్కులు వాడిన విళ్ళు కూడా కొంత నయం. లోపలి వైపు కొమ్ము, బయటి వైపు జంతువుల నరాలు అతికించేవాళ్ళు. నలగడాన్ని కొమ్ము చూసుకుంటుంది, సాగడాన్ని నరాలు చూసుకుంటాయి. మీవాడిది ఉత్త వెదురు. అన్ని పనులూ అదే చేసుకోవాలి.

ఇది ఈనాటి మాటా కాదు. ఈజిప్టులో అమాసిస్ అని ఒక రాజు ఉండేవాడు, హెరొడోటస్ రాశాడు ఆయన గురించి. పొద్దున బజారు నిండే వేళదాకా రాజకార్యాలు చూసుకుని, ఆ తర్వాత తాగుతూ, జోకులేస్తూ కూర్చునేవాడట. రాజువి నీకిది తగునా అని స్నేహితులు కోప్పడితే, విల్లున్నవాడు అవసరానికే ఎక్కుపెడతాడు, ఎప్పుడూ అలాగే ఉంచితే విరిగిపోదా, మనిషీ అంతే అన్నాడట. మా ఆయనకి ఈ కథ చెప్పాను, అది నా ఖర్మ. ఇప్పుడు ఆదివారం ఏ పని చెప్పినా అమాసిస్ అంటున్నారు.

నారి దించాక విల్లుని ఎలా పెట్టాలన్నదీ ఉంది. కాలిఫోర్నియాలో ఇషీ అని ఒకాయన, 1911లో అడవి వదిలి బయటికొచ్చిన యాహీ తెగ మనిషి, విల్లుని నిలబెట్టనిచ్చేవాడు కాదట. నిలబెడితే అది పని చేస్తూనే ఉంటుందని, చెమటపట్టి నీరసిస్తుందని నమ్మకం. చెమట సంగతేమో గానీ పడుకోబెట్టడం మంచి అలవాటే. మూలకి ఆనించి నిలబెడితే కింది కొస మీద భారం పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఎండ, వదినగారూ. ఎక్కుపెట్టిన విల్లుని మే నెలలో తలుపులేసిన కారులో పెట్టడం కంటే దాన్ని పొయ్యిలో పెట్టుకోవడం నయం. వేడికి చెక్క మెత్తబడి త్వరగా వంపు పట్టేస్తుంది, అతుకులుంటే జిగురూ వదులుతుంది. వానాకాలంలో తేమ పీల్చుకున్నా త్వరగా వంపు పడుతుంది. మరీ ఎండిపోయిందా, పెళుసెక్కి అప్పుడు నిజంగానే విరుగుతుంది. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న శివధనుస్సు రాముడు నారి ఎక్కించి లాగగానే మధ్యకి విరిగింది చూడండి. అయ్యో, దేవుడి మీద వేళాకోళం కాదు, కోప్పడకండి! చాన్నాళ్ళు వాడని విల్లు ఎక్కుపెట్టగానే నిండా లాగకూడదని చెబుతున్నా. ముందు కొంచెం కొంచెంగా లాగి వదులు చేసుకోవాలి. లాగాక చేత్తోనే మెల్లగా వెనక్కి తేవాలి, బాణం లేకుండా నారి వదలకూడదు.

ఇంతకీ ఎన్ని గంటలు ఉంచొచ్చు అంటారా? బాణాలు వేస్తున్నంతసేపు, ఒక పూట ప్రాక్టీసు, ఫరవాలేదు. మధ్యలో భోజనానికి వెళ్తే నారి దించాలి. రాత్రంతా మాత్రం వద్దు. మనవణ్ణి పిలవండి, గోడ దగ్గరే ఉంటాను, ఎలా దించాలో ఒకసారి నా ముందు చూపించమనండి.