తల తీశారు... భుజం దక్కింది!

రాత్రి రెండింటికి ప్రోగ్రాం ముగించుకుని ఇంటికొచ్చాక ఆయన చేసే మొదటి పని, గిటారు సంచీని గుమ్మం పక్కన ఆనించడం. రెండోది, ఎడమ భుజాన్ని గోడకు అదుముకుని కాసేపు అలాగే నిలబడిపోవడం. లోపల్నుంచి భార్య ‘వేన్నీళ్ళు పెట్టమంటారా?’ అంటుంది. అక్కర్లేదంటాడు. అయినా ఆమె పెడుతుంది. 2019లో ఏడాది పొడవునా ఆ ఇంట్లో జరిగిన తంతు ఇదే.

విజయవాడలో ఆర్కెస్ట్రా ప్రోగ్రాంలు చూసినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. కానీ గుర్తుపెట్టుకుని ఉండరు. పాడేవాళ్ళు ముందుంటారు. కీబోర్డు, ప్యాడ్లు వాయించేవాళ్ళ మీద లైట్లు పడతాయి. వెనకాల స్పీకరు పక్కన నిలబడి నాలుగు లావుపాటి తీగల మీద వేళ్ళు కదిపే మనిషిని ఎవరు చూస్తారు? బేస్ గిటారు సంగతే అంత. అది ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టు ఉంటుంది.

ఆయన గిటారు 1998లో చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బరువు 4 కిలోల 400 గ్రాములు. ‘ఓస్, అంతేనా’ అనిపిస్తుంది. ఓ బియ్యం సంచీని రెండంగుళాల పట్టీతో ఒకే భుజానికి తగిలించుకుని నాలుగు గంటలు నిలబడితే తెలుస్తుంది అదెంతో! ఇరవై ఏళ్ళు అలా నిలబడ్డాక మెడ దగ్గర మొదలైన నొప్పి చిటికెనవేలి దాకా పాకింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, బరువు మోయడం మానేయమన్నారు.

మానేస్తే? నొప్పి కన్నా ఆయన్ని ఎక్కువ భయపెట్టింది ఆ ప్రశ్నే. ఇప్పుడు చాలా ట్రూపుల్లో బేస్ గిటారిస్టు లేడు. కీబోర్డు వాయించే కుర్రాడే ఎడమచేత్తో ఆ పనీ కానిచ్చేస్తాడు. నిర్వాహకుడికి ఒక మనిషి డబ్బులు మిగులుతాయి. ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే ఆ చోటు మళ్ళీ ఖాళీగా ఉండదు.

బరువు దించుకున్న చరిత్ర

నిజానికి బేస్ గిటారు పుట్టిందే బరువు దించుకోవడానికి. అంతకుముందు ఆ పని చేసింది మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. దాన్ని ఊరూరా తిప్పడమంటే ఓ బీరువాని వెంటబెట్టుకుని తిరిగినట్టే. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన చేత్తో పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ తయారుచేశారు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ‘ప్రెసిషన్ బేస్’ ప్రపంచమంతా పాకింది. తీగ పొడవు 34 అంగుళాలన్న కొలత స్థిరపడింది దాంతోనే.

అయితే ఆ పొడుగాటి మెడ చివర, తీగలు బిగించే ఇనుప బిరడాలు నాలుగుంటాయి. బరువంతా అక్కడే. చెయ్యి వదిలితే గిటారు తలవైపు వాలిపోతుంది. దాన్ని ఎడమచేత్తో ఎత్తిపట్టుకుంటూనే వాయించాలి. ఈ తంటా చూసి బుర్రకు పదును పెట్టింది సంగీతకారుడు కాదు, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కుర్చీలూ బల్లలూ డిజైన్ చేసుకునే నెడ్ స్టైన్‌బర్గర్. 1970ల చివర్లో ఆయన గిటారుకు ఏకంగా తలే తీసేశారు. బిరడాలను కింద, ఒంటి చివరకు మార్చారు. చెక్కకు బదులు కార్బన్ పోగులు కలిపిన రెసిన్ వాడారు. పడవ తెడ్డులా ఉన్న ఆ వాయిద్యాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. స్టింగ్, గెడ్డీ లీ లాంటి పేరున్న వాద్యకారులు మాత్రం దాన్ని భుజాన వేసుకున్నారు. అన్నట్టు, నెడ్ తండ్రి జాక్ స్టైన్‌బర్గర్ 1988లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఒకరు.

తల లేని గిటార్లు బజార్లో దొరుకుతాయి. కానీ మంచిదాని ధర ఆయన ప్రోగ్రాంల డబ్బుకు అందేది కాదు. 2020 మార్చిలో కరోనాతో ప్రోగ్రాంలన్నీ ఆగిపోయాయి. చేతినిండా తీరిక, జేబులో కాసిని డబ్బులు. ‘మనమే చేసుకుంటే?’ అన్న ఆలోచన వచ్చింది అప్పుడే.

బొమ్మల చెక్క, ద్వారబంధం

తేలికైన చెక్క కావాలి. దానికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కొండపల్లి బొమ్మ చేతిలో పట్టుకున్నవాళ్ళకు తెలుసు, తెల్లపొణికి ఎంత తేలికో! కొండపల్లిలో బొమ్మలు చెక్కే పెద్దాయన దగ్గరికెళ్ళి విషయం చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు. ‘మాస్టారూ, ఇది గోరు పెట్టి నొక్కితే దిగే చెక్క. మీ తీగలు లాగితే నిలబడుద్దా?’

నిలబడదు మరి. నాలుగు తీగలూ కలిసి లాగే బలం సుమారు 75-80 కిలోలు. ఓ మనిషి వేలాడుతున్నట్టే. దానికి ఉపాయం చెప్పింది కూడా ఆ పెద్దాయనే. ‘మధ్యలో వెన్నెముకలా గట్టి కర్ర పైనుంచి కింద దాకా ఒక్కటే పెట్టండి. లాగుడంతా అది చూసుకుంటుంది. పక్కలకి మాత్రమే పొణికి అతికించండి. అది ఊరికే ఒళ్ళు!’ పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని తమకే కొరతగా ఉన్నా, బాగా ఆరిన దుంగ ఒకటి వెతికి ఇచ్చారు.

వెన్నెముక కోసం గట్టి కర్ర ఇంట్లోనే ఉంది. నాన్న కట్టిన పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దాచుకున్న టేకు ద్వారబంధం. చిన్నప్పుడు ఏటా ఆయన ఎత్తు కొలిచి తండ్రి మేకుతో గీసిన గీతలు దానిమీద ఇంకా ఉన్నాయి. రంపం పెట్టడానికి చేతులు రాలేదు. ‘అటకమీద ఉంటే చెదలే కదండీ తినేది!’ అంది భార్య. గీతలున్న వైపు వదిలేసి, రెండో నిలువు కమ్మీ కోశారు. యాభై ఏళ్ళు ఎండా వానా చూసిన కర్ర కాబట్టి ఇక వంగేది లేదన్నాడు వీధి చివరి వడ్రంగి మేస్త్రీ. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అందుకని అతికించే ముందు థిన్నర్‌తో తుడవాలని చెప్పింది కూడా అతనే.

వీణకు మెట్లున్నట్టే గిటారుకు ఫ్రెట్లుంటాయి. వాటి లెక్క చిత్రమైంది. తీగ పొడవును 17.817తో భాగించాలి. 34 అంగుళాలకు 1.908 వస్తుంది. మొదటి ఫ్రెట్ అక్కడ. మిగిలిన పొడవును మళ్ళీ భాగిస్తే రెండోది. అలా పన్నెండోది సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర పడాలి. ఆయన కాలిక్యులేటరు పట్టుకుని ఒక్కో ఫ్రెట్‌నూ ముందు దాన్నుంచి కొలుచుకుంటూ పోయారు. ఇరవై గాట్లూ కోశాక చూసుకుంటే పన్నెండోది 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. ఒక్కోచోట వెంట్రుకవాసి తేడా, చివరికి అపస్వరం! రోజ్‌వుడ్ పలక దండగైంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఇంజినీరింగ్ చదువుతున్న కూతురు కాగితం ముందేసుకుని, ‘నాన్నా, అన్నిటినీ మొదటి చివర నుంచే కొలవండి. తప్పు జరిగినా అక్కడికక్కడే ఆగిపోతుంది, పక్కదానికి అంటదు’ అని పట్టిక రాసిచ్చింది. రెండో పలక సరిగ్గా వచ్చింది.

బిరడాలు ఆటోనగర్‌లో తయారయ్యాయి. లారీ విడిభాగాలు చేసే లేత్ మేస్త్రీకి గిటారంటే తెలియదు, మర అంటే తెలుసు. ఒక్కో తీగ చివర ఒక్కో బోల్టు. వెనక నట్టు తిప్పితే బోల్టు వెనక్కి జరుగుతుంది, తీగ బిగుస్తుంది. మొదట చేసినవి తిప్పుతుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. అంత లాగుడు మీద నట్టు కదలడం లేదు. ‘మధ్యలో చిన్న బేరింగ్ పడితే వెన్నలా తిరుగుద్ది సార్’ అన్నాడతను. నిజంగానే అలాగే తిరిగింది!

అన్నీ అయ్యేసరికి 2022 వేసవి వచ్చింది. ఖర్చు 12 వేలు దాటింది. వీధిలో కూరగాయల బండి ఆపి కాటాలో పెట్టి తూచారు. 2 కిలోల 300 గ్రాములు! సగానికి కాస్త ఎక్కువ, అంతే.

మొండెం గిటారు

ఆ ఏడాది వినాయకచవితి పందిట్లో దానికి తొలి పరీక్ష. ముందు రోజు రిహార్సల్లోనే ఓ లోపం బయటపడింది. సన్న తీగ మీద అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కితే స్వరం పుట్టీపుట్టగానే చచ్చిపోతోంది. ఆ స్వరంతో పాటు మెడ కూడా ఊగి, తీగ శక్తిని మింగేస్తోందన్నమాట. మెడ చివర కాస్త బరువు చేరిస్తే ఆ ఊపు వేరే చోటికి జరుగుతుంది. ఇంట్లో పాత త్రాసు తాలూకు 50 గ్రాముల ఇత్తడి తూకంరాయి ఉంటే, దాన్ని మెడ చివర స్క్రూతో బిగించారు. స్వరం నిలబడింది. బరువు తగ్గించాలని రెండేళ్ళు తిప్పలుపడి, చివరికి కొంచెం బరువు చేర్చాల్సి వచ్చినందుకు ఆయనకే నవ్వొచ్చింది.

పందిట్లో పిల్లలు ‘తల లేని గిటారు!’ అంటూ ముందుకొచ్చి చూశారు. ఆయన్ని ఎవరైనా ప్రత్యేకంగా చూడటం ఇరవై ఏళ్ళలో అదే మొదలు. అసలు చిక్కు ఆ తర్వాత ఓ పెళ్ళి రిసెప్షన్లో వచ్చింది. పెళ్ళివారి పెద్దాయన ఒకరు స్టేజీ దగ్గరకొచ్చి, ‘శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఈ మొండెం ఏంటయ్యా? తీసి లోపల పెట్టు’ అన్నారు. ట్రూపు వాళ్ళు బిక్కమొహాలు వేశారు. తీసేస్తే ఆ రాత్రికే కాదు, నలుగురికీ తెలిశాక మిగతా పెళ్ళిళ్ళకూ అంతే. ఆయన చేతులు కట్టుకుని, ‘బాబాయిగారూ, పిల్లనగ్రోవికి తల ఉందాండీ?’ అన్నారు. పెద్దాయన ఓ క్షణం చూసి, పకపకా నవ్వి, ‘సరే, వాయించు’ అనేసి వెళ్ళిపోయారు.

ఇబ్బందులు లేకపోలేదు. తీగ తెగితే మార్చడం పెద్ద పని. బిగించకముందే తీగను కత్తిరిస్తే పైన చుట్టిన పోగు వదులై స్వరం మూగబోతుంది. అలా ఓ ఖరీదైన తీగ పోయింది కూడా. తలకు తగిలించే చిన్న ట్యూనరు దీనికి పెట్టుకోవడానికి చోటే లేదు. మర బిగించే ఎలన్ కీ ఇంటి తాళాల గుత్తిలోనే ఉంటుంది. నొప్పి పూర్తిగా పోయిందనీ ఆయన చెప్పరు. చలికాలంలో చిటికెనవేలు ఇప్పటికీ తిమ్మిరెక్కుతుంది. కానీ నాలుగు గంటల ప్రోగ్రాం అయ్యాక గోడకు ఆనుకోవాల్సిన పని లేదు. కీబోర్డు కుర్రాడైతే, ‘మీరుంటే నా ఎడమచేతికి సెలవు మాస్టారూ’ అంటాడు.

కిందటేడు గుడివాడలో ప్రోగ్రాం అయ్యాక డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు స్టేజీ వెనక్కి వచ్చారు. ఒకప్పటి బేస్ గిటారిస్టు. నడుంనొప్పితో పదేళ్ళ కిందటే వదిలేశారు. ఆ గిటారుని రెండు చేతులతో అందుకుని, ఇంత తేలికా అన్నట్టు ఓసారి పైకెగరేసి పట్టుకున్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, ఏ స్పీకరూ లేకుండానే చెవి దానికి ఆనించి పావుగంట వాయించుకున్నారు. లేచేటప్పుడు అడగలేక అడిగారు, ‘నాకొకటి చేసిపెడతావా?’ అని.

ఇంటికొచ్చాక ఆయన అటకెక్కారు. ద్వారబంధం రెండో కమ్మీలో ఇంకా మూడడుగుల పైచిలుకు ముక్క మిగిలి ఉంది. టేపు పెట్టి కొలిచారు. సరిపోతుంది.