వాట్లు తర్వాత, ముందు ఓమ్‌లు అడగండి

గద్వాలలో బండెక్కి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా, బీచుపల్లి కాడ కృష్ణ దాటి, పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి చూసుకుంటూ నాగర్‌కర్నూల్ పోయి చూడండి. దారిలో ఎదురొచ్చే బండ్లలో పాట లేని బండి ఏదైనా కనబడుతుందా? సీడు పత్తి చేన్లకు కూలీలను తీసుకుపోయే ఆటోలో పాట, పెండ్లి బొలెరోలో పాట. ట్రాక్టరుకైతే డ్రైవరు నెత్తిమీది టాపుకే స్పీకర్లు బిగిస్తారు. రోజంతా ఎండలో దున్నే మనిషికి ఆ పాట ఎంత తోడో నాకు తెలుసు. అందుకే ఆ స్పీకరు డబ్బా నాలుగు కాలాలు మోగాలని నా ఆరాటం.

దుకాణంలో మనం అడిగే మొదటి మాట ఏమిటి? “అన్నా, ఇది ఎన్ని వాట్లు?” అదే కదా. ఆ ప్రశ్న రెండోది కావాలండీ. మొదట అడగాల్సింది “ఎన్ని ఓమ్‌లు?” అని. స్పీకరు వెనక, అయస్కాంతం మీద అంటించిన కాగితంలో ఉంటుంది ఆ అంకె. కారు స్పీకర్లకు ఎక్కువగా 4, ఫంక్షన్లలో పెట్టే పెద్ద బాక్సులకు 8, కొన్ని సబ్‌ వూఫర్లకు 2. 1827లో కరెంటు లెక్కను అచ్చువేసిన జర్మనీ ఆయన జార్జ్ ఓమ్ పేరే ఈ కొలతకు పెట్టారు. స్పీకరు తనలో పారే కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గితే అడ్డు తగ్గుతుంది, ఆంప్లిఫయరు మీద బరువు పెరుగుతుంది.

కారుకు 4 ఎందుకంటే, బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఇంజను నడిచేటప్పుడు సుమారు 14.4. అంత తక్కువ వోల్టేజితో గట్టిగా మోగించాలంటే అడ్డు తక్కువుండాలి మరి. ఇక్కడే ఒక చిన్న లెక్క చేద్దాం, విసుక్కోకండి. 14.4ను 14.4తో గుణిస్తే 207. దాన్ని 4తో భాగిస్తే 52 దాకా వస్తుంది. డెక్కు డబ్బా మీద “50 వాట్లు x 4” అని పెద్దక్షరాలతో రాస్తారే, ఆ 50 ఈ లెక్కకు దగ్గరిదే! కానీ స్వరం పూర్తిగా చితికిపోయి గరగరలాడే స్థితిలో మాత్రమే అది నిజం. పాట శుభ్రంగా వినబడేటప్పుడు ఒక్కో ఛానలుకు 20 వాట్లు వస్తే గొప్ప. కొనేవాడికి ఇది అన్యాయమే అంటాను నేను. అందుకే కాగితంలో “ఆర్ఎంఎస్” (నిలకడగా ఇచ్చే పవరు) అన్న అంకె వెతకండి, మిగతాది నమ్మకండి.

ఇంకో సంగతి. పాత బండ్లలో స్పీకరు నెగెటివ్ వైరును బాడీకి బిగించేవాళ్ళు. ఇప్పటి డెక్కుల్లో స్పీకరుకు పోయే రెండు వైర్లలోనూ వోల్టేజి ఉంటుంది. ఒకదాన్ని బాడీకి తగిలిస్తే లోపలి ఐసీ పోవచ్చు.

ఇక ఆంప్లిఫయరు దగ్గరికి వద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఒకే ఛానలుకు రెండు 4 ఓమ్‌ల స్పీకర్లు ప్యారలల్‌గా కలిపితే 2 అవుతుంది. జూరాల కాలువకు ఒక తూము ఉన్నచోట రెండు తీసినట్టు, కరెంటు రెట్టింపు పారుతుంది. సిరీస్‌లో కలిపితే 8 అయి, ఆ ఛానలు మొత్తం పవరు సగానికి పడుతుంది. రెండు ఛానళ్ళను బ్రిడ్జి చేసి (ఒక్కటిగా కలిపి) 4 ఓమ్‌ల సబ్‌ వూఫరు పెడితే, ఒక్కో ఛానలుకు 2 ఓమ్‌లు తగిలించినంత బరువు పడుతుంది. అందుకే చాలా ఆంప్లిఫయర్ల మీద “బ్రిడ్జిలో కనీసం 4 ఓమ్‌లు” అని రాసి ఉంటుంది.

మన కుర్రాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది రెండు కాయిళ్ళ సబ్‌ వూఫరుతో. ఒక్కో కాయిలు 4 ఓమ్‌లైతే, రెండూ కలిసి 2 గానీ 8 గానీ అవుతాయి. 4 మాత్రం ఎట్ల తిప్పినా రాదు! బ్రిడ్జిలో 2 పెడితే అలాంటి ఆంప్లిఫయరు వేడెక్కి ఆగిపోవచ్చు, 8 పెడితే పెట్టిన డబ్బుకు సగం పవరే వస్తుంది. మీకు 4 కావాలంటే ఒక్కో కాయిలు 2 ఓమ్‌లున్నది కొనండి, సిరీస్‌లో కలపండి. లేదా 4+4 కాయిళ్ళవి రెండు కొని, ఒక్కోదాన్ని సిరీస్‌లో 8 చేసి, ఆ రెంటినీ ప్యారలల్‌గా కలపండి. ఈ ఆలోచన డబ్బులిచ్చే ముందే జరగాలి.

ఫంక్షన్ల 8 ఓమ్‌ల బాక్సును కారు ఆంప్లిఫయరుకు పెట్టవచ్చా అంటారా? భేషుగ్గా పెట్టండి, మోత తగ్గుతుంది తప్ప ఏదీ కాలదు. 2 ఓమ్‌ల సబ్‌ వూఫరును “8 ఓమ్‌లు” అని రాసున్న ఇంటి ఆంప్లిఫయరుకు మాత్రం తగిలించకండి.

మల్టీమీటరు ఉంటే స్పీకరు కొసలకు పెట్టి చూడండి. 4 ఓమ్‌ల స్పీకరు 3.2 నుంచి 3.7 దాకా చూపిస్తే కంగారు పడొద్దు. మీటరు కొలిచేది కాయిలు రాగి తీగను మాత్రమే. పాట మోగేటప్పుడు స్వరాన్ని బట్టి ఆ అడ్డు మారుతూ ఉంటుంది, ఒకచోట చాలా రెట్లు పెరుగుతుంది కూడా. దాన్నే ఇంపీడెన్స్ అంటారు. కాగితం మీది 4 మనం లెక్క వేసుకోవడానికి ఇచ్చిన అంకె.

ట్రాక్టరు వాళ్ళకు ఒక మాట. 400 వాట్ల పాతరకం ఆంప్లిఫయరు పూర్తిగా మోగితే సగం శక్తి వేడికే పోతుంది. అంటే బ్యాటరీ నుంచి దాదాపు 56 ఆంపియర్లు లాగుతుంది. ఆల్టర్నేటరు అంత ఇస్తుందో లేదో చూసుకోండి. క్లాస్ డి రకం కొంటే వేడి బాగా తగ్గుతుంది. మన పాలమూరు మే నెల ఎండకు ఆ ఖర్చు దండగ కాదు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టండి, వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే బండిని కాపాడేది అదే.

ఇక బిగించే తమ్ముళ్ళకు నా కోరిక ఒకటుంది. పని అయ్యాక చిన్న కాగితం మీద “ముందు ఛానళ్ళు: డోర్లు, 4 ఓమ్‌లు. వెనక ఛానళ్ళు: బ్రిడ్జి, సబ్‌ వూఫరు 4 ఓమ్‌లు” అని రాసి ఆంప్లిఫయరు మీద అంటించండి. ఆ బండి రేపు అచ్చంపేటలోనో ఆత్మకూరులోనో ఇంకొకరి చేతికి వస్తే, సీటు విప్పకుండానే అతనికి సంగతి అర్థమవుతుంది.