12 వోల్టుల దగ్గర ఆగాలి

మా నాన్న కారు డ్రైవర్. సొంత బండే, ఇంకా ఈఎంఐ నడుస్తోంది. నంద్యాల నుంచి శ్రీశైలం, మహానంది, తిరుపతి ట్రిప్పులు కొడతారు. ఆయనకి షుగర్, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ట్రిప్పులో రెండు మూడు రోజులు బండే ఇల్లు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు ఫ్రిజ్ కొన్నారు. తాళం తీస్తే సాకెట్‌కి కరెంట్ ఆగిపోతుందని, మెకానిక్‌తో చెప్పి బ్యాటరీ నుంచి నేరుగా డిక్కీలోకి వైరు లాగించారు.

పోయిన ఎండాకాలం శ్రీశైలంలో రాత్రి పార్కింగ్‌లో పడుకున్నారు. ఫ్రిజ్ రాత్రంతా నడిచింది. పొద్దున తాళం తిప్పితే బండి నుంచి 'కట్ కట్' అనే శబ్దం తప్ప ఏమీ లేదు. ఇంకో డ్రైవరన్న బ్యాటరీ నుంచి కేబుల్ ఇచ్చి స్టార్ట్ చేసేసరికి ఆలస్యమై, పాసింజర్లకి రైలు తప్పిపోయింది. వాళ్లు సగం డబ్బులే ఇచ్చారు. ఆ రోజు నుంచి నాన్న ఫ్రిజ్ తీసుకెళ్లడం మానేసి, ఇన్సులిన్‌ని డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకున్నారు. మా ఎండల్లో ఆగి ఉన్న కారు లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నెల తిరగకుండా షుగర్ 380కి వెళ్లింది. మందు వేడికి పాడైపోయి ఉంటుందని డాక్టర్ అన్నారు. ఈ సంగతి అమ్మ నాకు సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా చెప్పలేదు.

సెలవుల్లో ఇంటికెళ్లి చేసిన మొదటి పని ఈ కటాఫ్. ఐడియా సింపుల్: బ్యాటరీ వోల్టేజ్ ఒక హద్దు కంటే తగ్గితే రిలే ఫ్రిజ్‌ని ఆపేయాలి. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటికి ఇది లోపలే ఉంటుంది, మాది పాతది. ఒక వోల్టేజ్ మాడ్యూల్, 30 ఆంపియర్ల కారు రిలే కొన్నాను. 11.8 దగ్గర ఆఫ్, 12.0 దగ్గర ఆన్ అని సెట్ చేసి, డిక్కీలో ఫ్రిజ్ పక్కనే బిగించాను.

ఆన్ చేయగానే టిక్ టిక్ టిక్ టిక్. రిలే ఆగకుండా కొట్టుకుంటోంది. నాన్న పక్కనే నిలబడి చూసి, "మూడేళ్లు చదివింది ఇదేనా రా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మల్టీమీటర్ పెట్టాక విషయం తెలిసింది. బ్యాటరీ దగ్గర 12.3 ఉంది. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు డిక్కీలో 11.7 మాత్రమే. మెకానిక్ వేసింది 1 చదరపు మిల్లీమీటర్ సన్న వైరు. పోను రాను 8 మీటర్లు, దాదాపు 0.14 ఓమ్స్. 4 ఆంపియర్లు లాగితే 0.6 వోల్టులు వైరులోనే పోతున్నాయి. రిలే ఆపేస్తే కరెంట్ ఉండదు, వోల్టేజ్ మళ్లీ 12.3కి లేస్తుంది, మళ్లీ ఆన్. పరీక్షలో ష్మిట్ ట్రిగ్గర్ గురించి రెండు పేజీలు రాసినవాణ్ణి. ఆ రెండు హద్దుల మధ్య ఎడం ఎందుకు ఉండాలో మా కారు డిక్కీలో అర్థమైంది.

రెండోసారి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాను. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. వోల్టేజ్ చూసే వైర్లు మాత్రం విడిగా బ్యాటరీ టెర్మినల్స్ నుంచే తెచ్చాను. వాటిలో కరెంట్ దాదాపు పారదు కాబట్టి డ్రాప్ ఉండదు. ఆన్ హద్దు 13.0కి పెంచాను. అంటే ఒకసారి ఆగితే, ఇంజన్ స్టార్టయి ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలుపెట్టేదాకా ఫ్రిజ్ తిరిగి ఆన్ కాదు.

ఆఫ్ ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు. తక్కువ పెడితే మందు ఎక్కువసేపు చల్లగా ఉంటుంది, బండి స్టార్ట్ అవుతుందన్న నమ్మకం ఉండదు. ఎక్కువ పెడితే బండికి ఢోకా లేదు, మందుకే కష్టం. నేను 11.8 అన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

"ఫ్రిజ్ ఆగితే ఇంకో సీసా కొనుక్కుంటా. బండి ఆగితే ఎవరు కొనిస్తార్రా?"

నాకు జవాబు లేదు. నా ఫీజు కూడా ఆ బండి మీదే కదా. చివరికి 12.0 దగ్గర పెట్టాం. ఫ్రిజ్ ఆగాక కూడా చల్లదనం నిలవడానికి లోపల రెండు జెల్ ప్యాకులు పెట్టాను. ఇన్సులిన్ వాటికి తగిలి గడ్డకట్టకుండా మధ్యలో మందపాటి గుడ్డ. రాత్రి మూత తెరవొద్దని అమ్మ చేత కూడా చెప్పించాను.

పోయిన నెల హాస్టల్‌లో ఉండగా పొద్దున్నే ఫోన్. తిరుపతి నుంచి నాన్న.

"రాత్రి మూడింటికి టిక్ మంది రా."

"బండి?"

"ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది."

"మందు?"

"మీటర్‌లో 7 చూపిస్తోంది. సరే పెట్టెయ్, పాసింజర్లు వస్తున్నారు."

ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ రోజు ఫస్ట్ అవర్ క్లాసుకి లేటుగా వెళ్లాను. అటెండెన్స్ పోయింది. పోతే పోనీ.